పలుచటి కల్లుకు నేను చెప్పిన తీర్పు

చిట్యాల నుంచి మర్రిగూడ వరకు ఉన్న ఈతచెట్లలో నా నాలుకను మోసం చేసిన చెట్టు ఒక్కటి కూడా లేదు. కళ్లకు తువ్వాల కట్టి, చేతిలో ఆకుదొన్నె పెట్టి, ఒక్క గుక్క పోస్తే చాలు. ఆ కల్లు ఏ ఊరిదో, చెట్టు గట్టు మీదిదో వాగు ఒడ్డుదో, దాన్ని గీసినవాడు ఎడమచేతివాడో కుడిచేతివాడో చెప్పేవాణ్ణి. ఒకసారి ఒక గౌడు నా ముందు లొట్టి దించగానే గుటక వేసి, "గౌడా, పొద్దున నీ ఇంట్ల కొట్లాటైంది. కోపం మీద కత్తి లోతుకు దింపినవు. కల్లు గర్రుగా, వగరుగా వచ్చింది" అన్నాను. అతను నడుముకున్న మోకు కింద పడేసి నా కాళ్లు పట్టుకున్నాడు.

కాళ్లు పట్టుకున్నది అబద్ధం. మోకు కింద పడేసిన మాట నిజమే గాని, చెట్టు దిగిన ప్రతి గౌడూ చేసే పని అది. ఇక ఇంట్లో కొట్లాట సంగతి నా నాలుక చెప్పలేదు. అంతకు గంట ముందు ఆయన భార్య మూట చంకన పెట్టుకుని నా బస్సే ఎక్కి, ముక్కు చీదుకుంటూ పుట్టింటికి టికెట్టు తీసుకుంది.

నేను బస్సు కండక్టర్ని. ఎనభైల్లో మొదలుపెట్టి తొంభైలు సగం గడిచేదాకా ఎక్కువ కాలం ఒక్క రూటులోనే తిరిగాను. బస్సు తలుపు పక్కన నిలబడేవాడికి ఊళ్ల గురించి తెలియనిదంటూ ఉండదు. ఎవరి బర్రె ఈనింది, ఎవరి బోరు ఎండింది, ఎవరి అల్లుడు అలిగి పోయాడు అన్నీ ఫుట్‌బోర్డు మీదికే వస్తాయి. ఈతచెట్లను రోజూ గీయరు. కొన్నాళ్లు గీసి, కొన్నాళ్లు ఆరనిచ్చి, వంతులవారీగా ఎక్కుతారు. పొద్దున పోయేటప్పుడు ఏ గౌడు ఏ చెట్టు మీద ఉన్నాడో కిటికీలోంచి చూసుకునేవాణ్ణి. మధ్యాహ్నం తిరిగి వచ్చేటప్పుడు ఆయన దగ్గరే ఆగి దొన్నె పట్టి, కళ్లు మూసుకుని, ఒక నిమిషం ఆలోచించినట్టు నటించి, "గిది కాలువ పక్కన వంగిన చెట్టుది" అనేవాణ్ణి. చుట్టూ ఉన్నవాళ్లు నోళ్లు తెరిచేవాళ్లు. నా పేరు నా బస్సు కంటే వేగంగా ఊళ్లు తిరిగింది. మా బస్సు వేగం తెలిసినవారికి అదేమంత గొప్పగా అనిపించకపోవచ్చు.

పేరు వచ్చాక దానికి తగ్గ తతంగం కావాలి గదా. కల్లుకు అయిదు పరీక్షలు పెట్టాను. చూపు, చెవి, ముక్కు, నాలుక, గొంతు. పాల మీద పొగమంచు వాలినట్టు ఉండాలి రంగు అనేవాణ్ణి. నురుగు ఎగిసి పడకూడదు, కొత్తకోడలు కూర్చున్నట్టు అంచు మీద ఒదిగి ఉండాలి అనేవాణ్ణి. తియ్యదనం ముందు రావాలి, పులుపు వెనక రావాలి, ఆ రెండూ వెళ్లిపోయాక నాలుక మీద మట్టి తడిసిన రుచి ఒకటి మిగలాలి అనేవాణ్ణి. ఇందులో చెవి పరీక్ష పూర్తిగా నా సొంతం. దొన్నెను చెవి దగ్గర పెట్టుకుని, బుడగలు చిట్లే చప్పుడు వింటున్నట్టు తల ఊపేవాణ్ణి. ఇంజను పక్కన అన్నేళ్లు నిలబడ్డ చెవికి పక్కవాడు "స్టేజీ వచ్చింది, ఆపు" అని అరిచినా వినపడదు, బుడగలు వినపడతాయా?

ముక్కు సంగతి కూడా చెప్పేస్తాను. మీసం మొలవకముందు నుంచీ ముక్కుపొడి పీల్చేవాణ్ణి. గులాబీ పువ్వుకూ డీజిలుకూ తేడా నాకు కళ్లతో తెలియాల్సిందే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుక కొంచెం పని చేసిన మాట నిజం. ఆ మిగిలిన నాలుక ఎట్లా పోయిందో చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా రూటు చివర మర్రిగూడ దిక్కున ఒక ఊరు ఉండేది. ఊరి పేరు రాయను, అక్కడ నాకు ఇప్పటికీ మొహం చెల్లదు. మధ్యాహ్నం బస్సు అక్కడ అరగంట ఆగేది. బోర్లలో నీళ్లు పళ్లను పచ్చగా మార్చి ఎముకలను వంచే ఊరు. అందుకని మగా ఆడా నీళ్ల కంటే కల్లునే నమ్మేవాళ్లు. కల్లు దిగేది చెట్టు నుంచి, చెట్టు అబద్ధమాడదు అనేవాళ్లు. ఆ మాట నిజం. అబద్ధమాడేది చెట్టు కాదు.

ఎనభై ఏడో ఎనభై ఎనిమిదో, వరసగా వానలు లేవు. చెరువు ఎండింది. బావులు ఎండాయి. ఈతచెట్లు లొట్టిలో నాలుగు గుక్కలు కూడా కార్చలేదు. చిత్రమేమిటంటే, ఊళ్లో కల్లు మాత్రం పెరిగింది. అంతకు ముందు మధ్యాహ్నానికే ఒడిసిపోయే కల్లు ఇప్పుడు పొద్దు గూకినా సీసాల్లో బారులు తీరి ఉండేది. దేవుడు పై నుంచి వాన ఆపి కింద నుంచి కల్లు ఊరిస్తున్నాడని భక్తులు కొందరు అనుకున్నారు.

ఊరించేవాడు దేవుడు కాదు, దుకాణం పెద్ద. కల్లు సంఘానికి కూడా ఆయనే పెద్ద. మెత్తని మాట, తెల్లని ధోవతి. గౌడులంతా తాము గీసినదాన్ని తెచ్చి దుకాణం వెనక గదిలోని సిమెంటు తొట్టిలో పోయాలని ఆయన కట్టుబాటు పెట్టాడు. తొట్టిలో పోసిన కల్లు సీసాల్లోకి వచ్చేది. తొట్టికీ సీసాకూ మధ్య ఏం జరుగుతుందో చూడడానికి ఆ గదిలోకి ఆయన ఒక్కడే పోయేవాడు. గర్భగుడిలో కూడా అంత మడి ఉండదు. పట్నం నుంచి తెల్లపొడి సంచి ఒకటి నా బస్సు మీదే వచ్చేది. లగేజీ టికెట్టు కొట్టేవాణ్ణి, సున్నమనుకునేవాణ్ణి. అనుకోవడమంటే, సున్నమేనా అని అడగకపోవడం.

ఎందుకు అడగలేదంటే, దుకాణంలో కండక్టరుకూ డ్రైవరుకూ రోజూ చెరొక సీసా ఉచితం. మా డ్రైవరు నా కంటే పదేళ్లు పెద్ద, అయిదు పూటలా నమాజు చేసే మనిషి, కల్లు ముట్టడు. ఆయన వంతు సీసా కూడా నాకే దక్కేది. ఇంత న్యాయమైన దుకాణాన్ని నేనెట్లా అనుమానిస్తాను?

ఆ సీసా కల్లు తాగితే మొదట తియ్యగా ఉండేది, ఆ తర్వాత మెడ వెనక ఎవరో వెచ్చని చెయ్యి వేసినట్టు ఉండేది. నా అయిదు పరీక్షల్లో అది లేదు. ఆరో పరీక్షగా చేర్చుకుని 'పట్టు' అని పేరు పెట్టాను. రెండేళ్లు తిరిగేసరికి మిగిలిన అయిదూ పోయి అదొక్కటే మిగిలింది.

ఆ ఊళ్లో ఒక్క గౌడు మాత్రం తొట్టిలో పోయనన్నాడు. ఎప్పుడో చెట్టు మీంచి జారి పడి కుడిభుజం కుంగిపోయిన మనిషి. మాట తక్కువ. "నా కల్లు నా కుండల్నే ఉంటది" అన్నాడట, అంతే. బస్సు ఆగే స్టేజీకి కొంచెం దూరంలో ఇరవై దాకా ఈతచెట్లు ఆయన వంతు. వాళ్ల నాయిన గీసిన చెట్లే. ఆయన గీస్తే, ఆయన భార్య అక్కడే చెట్ల నీడన కుండ పెట్టుకుని దొన్నెల్లో పోసేది. సన్నగా, గట్టిగా ఉండే మనిషి. నాలుకకు ఎదురు లేదు.

కొన్నాళ్లకు ఆ కుండ దగ్గర జనం పలుచబడ్డారు. "గౌడ కల్లు ఎక్కుతలేదు" అన్నారొకరు. "ఎక్కకపోతే ఏముంది, నీళ్లు పోస్తుండు" అన్నారు ఇంకొకరు. మూడోవాడికి వచ్చేసరికి గౌడు బిందెతో నీళ్లు మోస్తుండగా చూసిన సాక్షి కూడా పుట్టాడు. నీళ్లు కలిపినవాడి చెట్లు లాక్కుని వేరేవాళ్లకు ఇవ్వాలన్నది సంఘం కట్టుబాటు. ఆ కట్టుబాటును దుకాణం పెద్ద ఎంతో బాధపడుతూ గుర్తు చేశాడు.

"మనం మనం తీర్పు చెప్పుకుంటే పగలైతయి. బయటి మనిషి కావాలె" అని ఆయనే అన్నాడట. ఆ బయటి మనిషిని నేను.

ఆ రోజు బస్సు దిగేసరికి సంఘం గది ముందు వేపచెట్టు కింద ఊరంతా ఉంది. నాకు కుర్చీ వేశారు. నా జన్మలో నాకు కుర్చీ వేసిన ఊరు అదొక్కటే. ముందు స్టూలు మీద రెండు కుండలు, ఒక్కలాంటివే, మోదుగాకులు కప్పి ఉన్నాయి. ఒకటి గౌడది, ఒకటి దుకాణంది. ఏది ఎవరిదో తెలియకుండా పక్క ఊరివాళ్లిద్దరు అడుగున గుర్తులు వేసి, గదిలో మార్చి తెచ్చిపెట్టారు. బస్సులోని ప్రయాణికులు కూడా దిగి చుట్టూ నిలబడ్డారు. మిర్యాలగూడ పోయి పెళ్లి చూసుకోవాల్సినవాళ్లు కూడా దీని ముందు పెళ్లేమిటన్నట్టు ఆగారు.

"కండక్టర్ సాబ్, నీ నాలుక ముంగట పట్నం ల్యాబులు సుత బలాదూర్. నువ్వేది చెప్తె గదే మాకు" అన్నాడు దుకాణం పెద్ద.

మా డ్రైవరు నా చెవి దగ్గరికి వంగి, అందరికీ వినపడేటట్టుగానే అన్నాడు. "అరే భాయ్, పొద్దున చాయ్‌ల చక్కర లేదన్న సంగతే నీకు సగం తాగినంక గాని తెల్వలె. గిప్పుడు నువ్వు ఇన్సాఫ్ చేస్తవా?"

జనం నవ్వారు. నేను నవ్వలేదు. కుర్చీలో కూర్చున్నవాడు నవ్వకూడదు.

గౌడు దగ్గరికి వచ్చాడు. చేతులు జోడించలేదు గాని, జోడించినంత పని చేశాడు. "సారూ, గవి మా నాయిన గీసిన చెట్లు. ఒక్క భుజంతోని నాకు వేరే పని రాదు. జర నిమ్మళంగ తాగి చెప్పు."

"ఫికర్ చెయ్యకు గౌడా" అన్నాను. ఆ మాట అన్నది మాత్రం నిజం. ఇప్పటికీ గుర్తుంది.

మొదటి కుండలోంచి దొన్నె నింపారు. ఎత్తి ఎండలోకి చూశాను. చెవి దగ్గర పెట్టుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకుని మూడుసార్లు లోపలికి పీల్చాను. ముక్కుపొడి వాసన వచ్చింది. తాగాను. పలుచగా ఉంది. చల్లగా దిగింది, కొంచెం తియ్యన, కొంచెం పులుపు. మెడ వెనక చెయ్యి వేసేవాడు రాలేదు. కాసేపు ఎదురుచూశాను. రాలేదు.

రెండో కుండ తాగాను. అమ్మయ్య, ఇంటికి వచ్చినట్టు అనిపించింది. చిక్కని తీపి. మెడ మీద ఆ చెయ్యి. పరీక్ష కోసమని ఇంకో దొన్నె అడిగాను. ఇంకోటి కూడా.

నేను నోరు తెరవబోతుండగా గౌడు భార్య అడ్డం వచ్చింది. "అన్నా, తాగినవు సరే. జర వంగి కుండల మొదట్ల సూడు. చీమలు దేనికి పట్టినయి?"

వంగి చూశాను. మొదటి కుండ చుట్టూ నల్లచీమలు వరస కట్టి ఉన్నాయి. రెండో కుండ దగ్గర ఒక్కటంటే ఒక్కటి లేదు. చక్కెర ఉన్నచోటికి చీమ వస్తుందని మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. నేను గొంతు సవరించుకుని అన్నాను.

"నీళ్లు కలిసిన కల్లుకే చీమలు పడతయి చెల్లే. ఎండకాలం గదా, వాటికి సుత దూప ఉంటది."

జనం అవునవునన్నారు. అంత చక్కని అబద్ధం అంతకు ముందూ ఆ తర్వాతా నా నోట రాలేదు. చీమలు సరైన తీర్పే చెప్పాయి, కాని కుర్చీ వాటికి వేయలేదు.

అప్పుడు మా డ్రైవరు లేచాడు. ఆకు ఎత్తి మొదటి కుండను వాసన చూశాడు. రెండోది చూశాడు. చూసి మొహం ముడుచుకున్నాడు. "గిది దవాఖాన వాసన కొడుతుంది భాయ్. సూది మందు లెక్క."

"తాగనోనివి, నీకేం తెలుసు మియా!" అని ఎవరో అరిచారు. ఊరంతా విరగబడి నవ్వింది. నేను చెయ్యెత్తి నవ్వు ఆపి, "తాగని వాళ్లకు తీర్పుల మాట లేదు" అన్నాను. అక్కడున్న అన్ని ముక్కుల్లో పని చేస్తున్న ముక్కు అదొక్కటేనని నాకప్పుడు తోచలేదు. తోచినా ఒప్పుకునేవాణ్ణా? అది వేరే సంగతి.

లేచి నిలబడి తీర్పు చెప్పాను. మొదటి కుండ నీళ్లు కలిపినది. రెండో కుండ చెట్టు నుంచి నేరుగా దిగినది. కావాలంటే ఎవరైనా తాగి చూడవచ్చు.

తాగి చూశారు. ఒక్కొక్కరే వచ్చి రెండూ తాగారు. ఒక ముసలామె పెదవి విరిచి, "గీ మొదటి దాంట్ల పానం లేదు బిడ్డా. ఉత్త నీళ్లు" అంది. అందరూ అదే మాట అన్నారు. ఊరు ఊరంతా ఒక్క మాట మీద నిలబడడం నేను చూసింది ఆ ఒక్కసారే. ఎవరూ అబద్ధమాడలేదు. రెండేళ్లుగా తొట్టి కల్లు తాగిన నాలుకలు అవి. నా నాలుక వాటికి తోబుట్టువు.

కుండలు ఎత్తి అడుగున గుర్తులు చూశారు. మొదటిది గౌడది. రెండోది దుకాణంది.

గౌడు మోకు తీసి బాగున్న భుజం మీద వేసుకుని చెట్ల వైపు నడిచాడు. ఆయన భార్య మాత్రం స్టూలు మీది కుండ ఎత్తుకుని నా ముందు ఆగి, "మంచిగున్నది అన్నా నీ ఇన్సాఫు" అంది. అంతే. దుకాణం పెద్ద నా సంచిలో రెండు సీసాలు పెట్టాడు. తిరుగు ప్రయాణంలో నేను టికెట్లు కొట్టలేదు. వెనక సీటులో ఒరిగి పడుకున్నాను. డ్రైవరు అద్దంలోంచి చూసి, "నీళ్ల కల్లు పండుకోబెట్టిందా భాయ్, అసలు కల్లు పండుకోబెట్టిందా?" అని అడిగినట్టు లీలగా గుర్తు.

నెల తిరగకముందే అమ్రాబాద్ పోవలసి వచ్చింది. మా అక్కను అక్కడ ఇచ్చాం. వాళ్ల బిడ్డకు పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. నాలుగు రోజులు సెలవు పెట్టి పోయాను. రెండో రోజు పొద్దున మా బావ నన్ను అడవి అంచున ఒక ఈతచెట్టు కిందికి తీసుకుపోయాడు. గౌడు నా కళ్ల ముందే ఎక్కాడు, నా కళ్ల ముందే లొట్టి దించాడు. దొన్నె పట్టాను. తాగాను.

"బావా, వీడు నీళ్లు కలిపిండు" అన్నాను.

బావ నా మొహం చూశాడు. చెట్టు పైకి చూశాడు. మళ్లీ నా మొహం చూశాడు. "యాడ కలిపిండు బామ్మర్దీ? చెట్టు మీద నీళ్ల నల్లా ఉందా?"

గౌడు నవ్వాడు. బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మర్రిగూడ దిక్కున వేపచెట్టు కింద తాగిన మొదటి కుండ రుచి అదే. పలుచగా, చల్లగా, తియ్యగా, పుల్లగా. రవ్వంత తేడా లేదు.

ఆ సాయంత్రం నుంచి నా చేతులు వణకడం మొదలైంది. అన్నం ముద్ద నోటి దాకా రాలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కూర్చోవాలనిపించేది. మా అక్క దిష్టి తీసింది. బావ మాత్రం దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి కంపౌండరు చెయ్యి పట్టుకుని చూసి, రోగం అడగలేదు. "ఏ దిక్కు కల్లు తాగుతవు?" అని అడిగాడు. చెప్పాను. "మీ దిక్కోల్లు అందరు గిట్లనే వస్తున్నరు. నీకు దొరికింది కల్లు కాదు, మత్తుమందు పొడి, శాకరిన్ కలిపిన నీళ్లు. మానేస్తే నెలకు నిమ్మళిస్తది" అన్నాడు. చుట్టూ నాలుగు జిల్లాల చెట్ల గోత్రాలు చెప్పగలనన్న మనిషికి, రెండేళ్లుగా తాగుతున్నది చెట్టుదే కాదని కంపౌండరు చెప్పాల్సి వచ్చింది.

చేతులు కొంచెం నిలిచాక డ్యూటీకి వచ్చాను. వచ్చిన మొదటి రోజే ఆ ఊళ్లో బస్సు దిగి, నేరుగా వేపచెట్టు కిందికి పోయి, నలుగురినీ పిలిచి, "నేను చెప్పిన తీర్పు తప్పు. గౌడది చెట్టు కల్లు. నా నాలుకే కల్తీ" అన్నాను. జనం కాసేపు గొణిగారు. దుకాణం పెద్ద మొహం నల్లబడింది. గౌడు చెట్లు గౌడుకే ఉండిపోయాయి. నా గొప్పలన్నింటినీ ఒప్పుకున్నాను గనుక ఈ ఒక్క మంచి పనిని గొప్పగా చెప్పుకున్నా తప్పు లేదనుకుంటాను.

ఇక్కడిదాకా రాసి, కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని, ఈ మధ్య ఆ ఊరికి పోయాను. మొహం చెల్లదని రాశాను గదా, అయినా పోయాను. గౌడు లేడు, పోయి చాలా ఏళ్లైంది. ఆయన భార్య ఉంది. తల పూర్తిగా నెరిసింది. అరుగు మీద కూర్చుని బొబ్బర్లు ఒలుస్తోంది. నన్ను గుర్తుపట్టి, చాప వేసి, నీళ్లిచ్చింది. ఆమె గురించి రాసినది ఆమెకు వినిపించడం మర్యాద అనిపించి మొత్తం చదివాను. చీమల దగ్గర నవ్వింది. కంపౌండరు దగ్గర తల ఊపింది. చివరికి వచ్చేసరికి ఒలవడం ఆపింది.

"మంచిగ రాసినవు అన్నా. గని గది కాలే."

"ఏది కాలే చెల్లే?"

"నువ్వు దిగి తప్పైందని చెప్పుడు. నువ్వెప్పుడు దిగినవు?"

"దిగిన గదా. వేపచెట్టు కింద..."

"నువ్వు దిగలే. దుకాణం ఆయన కాడికి పోవుడు, మా ఊర్ల బస్సు అరగంట ఆపుడు రెండు బంద్ చేసినవు, గది నిజం. గని మా మొకం సుత సూడలే. మా ఆయన స్టేజీ కాడ చెయ్యెత్తి నిలబడ్డడు. అమ్రాబాద్ సంగతి మీ డ్రైవర్ మియా చెప్పిండట. ఒక్క మాట నువ్వు అందరి ముంగట చెప్తవేమో అడుగుదామని నిలబడ్డడు. నువ్వు ఆయనను సూసినవు. సూసి అటు తిరిగి, ఆపకుంట పొమ్మని బెల్లు కొట్టినవు. మూడు దినాలు నిలబడ్డడు. మూడు దినాలు కొట్టినవు."

నేను కాగితాల వైపు చూశాను. అందులో అట్లా లేదు.

"చెట్లు ఉండిపోయినయని రాసినవు. ఎక్కడ ఉన్నయి? ఏడాది పోయినయి. ఆ ఏడాది ఆయన పట్నంల ఒంటి భుజంతోని ఇటుకలు మోసిండు. మల్ల వచ్చినయంటె నీ మాటకు రాలే. మా దొడ్లె ఒక్క చెట్టుండె, సంఘానికి సంబంధం లేనిది. దాని కల్లు ఒక కుండ, దుకాణంది ఒక కుండ సంఘం గద్దె మీద పెట్టి, మూడు దినాలు ఎవ్వల్ని ముట్టనియ్యకుంట నేను కావలి కూసున్న. మాది పులిసి మూతి కాడ పురుగు పట్టింది. దుకాణంది మూడో దినం సుత మొదటి దినం లెక్కనే తియ్యగ ఉంది. పులవని కల్లు యాడన్న ఉంటదా అని అప్పుడు అందరికి ఎరుకైంది. దానికి ఎవ్వల నాలుక అక్కర పడలే."

"అయితే గదే రాస్తా చెల్లే" అన్నాను.

"రాస్తె రాయి. గని నువ్వు దిగి ఒప్పుకున్నవని ఉన్నది సూడు, ముందుగాల గది కొట్టెయ్. నువ్వు బస్సే ఆపలే."